రోజమ్మ బొమ్మ

మొన్న ఆదివారం మా మనవరాలికి ఒక పార్సిల్ వచ్చింది. ఎవరో పిల్లలు ఆడుకుని వదిలేసిన బొమ్మల్ని గుత్తగా అమ్మేస్తున్నారని ఫోన్లో చూసి మా అమ్మాయి తెప్పించింది. అట్టపెట్టె విప్పగానే మగ్గిన ప్లాస్టిక్కు, ఎవరింటి అటక మీదిదో పాత దుమ్ము, కాస్త చాక్లెట్ జిడ్డు కలిసిన వాసన గుప్పుమని ముక్కుకి కొట్టింది. పేపరు పరిచి గుమ్మరిస్తే బొటనవేలంత మనుషులు ఓ వందమంది పడ్డారు. పోలీసు తల పెళ్ళికూతురి గౌను మీద ఉంది, వంటవాడి టోపీ సముద్రపు దొంగ నెత్తిన ఉంది, చేతులూడిన వాళ్ళు కొందరు, అసలు తలే లేనివాళ్ళు కొందరు. "అమ్మమ్మా, ఎవరివి ఎవరికో నువ్వు చెప్పు. నీకు తెలుస్తుందంట కదా, అమ్మ చెప్పింది" అంది మనవరాలు. తెలుస్తుంది, తెలియకేం! పదేళ్ళ వయసుకే నూజివీడులో నాకు ఆ పేరుండేది. మెడ దగ్గర బిగువు చూసి, రంగు వెలిసిన తీరు చూసి, గంటలో ఎవరి తల వాళ్ళ మొండెం మీద పెట్టేశాను. పిల్ల చప్పట్లు కొట్టి, "నువ్వెప్పుడూ తప్పు చెప్పలేదా అమ్మమ్మా?" అని అడిగింది. టీ చల్లారిపోతోంది జరగమని విసుక్కుని వంటింట్లోకి పోయాను.

మాది మామిడికాయల వ్యాపారం. పూత మీదే తోటలు మాట్లాడుకుని, పిందె కట్టిన దగ్గర్నుంచి గాలివానకి హడలిపోతూ, కాయ దింపి లారీలకెక్కించే దాకా మా నాన్నకి కంటి మీద కునుకుండేది కాదు. వేసవి వస్తే మా ఇంటికీ మండీకీ తేడా తెలిసేది కాదు. ముందు వసారాలో చిన్నరసాల గుట్టలు, నడవాలో బంగినపల్లి, పెరట్లో కలెక్టరు కాయలు, ఎక్కడ అడుగేసినా వరిగడ్డి, ఎక్కడ చెయ్యి పెట్టినా సొన. ఆ సొన తగిలి మూతులు పొక్కేవి, పొక్కిన చోట అమ్మ కొబ్బరినూనె రాస్తుండగానే మేం ఇంకో రసం పిసికి జుర్రేసేవాళ్ళం, తినేసిన టెంకల్ని బావి గట్టుకి రుద్ది బూరలు చేసుకుని ఇల్లంతా ఊదుతూ తిరిగి తన్నులు తినేవాళ్ళం. పెరట్లో ఆడవాళ్ళు వరసగా కూచుని చెక్కపెట్టెల్లో గడ్డి పరిచి కాయలు పేర్చేవారు. మూతకి మేకులు కొట్టాక మా గుమస్తా నీలం రంగులో అచ్చు ముంచి పెట్టె నాలుగు మూలలా మా గుర్తు వేసేవాడు. రూపాయి బిళ్ళంత చెక్క అచ్చు అది, వేస్తే ఒక మామిడికాయ పడేది, దాని ముక్కు కుడివైపుకి తిరిగి ఉండేది. ఆ గుర్తు చూస్తే చాలు, బొంబాయిలో పెట్టె విప్పకుండానే తీసుకుంటారని నాన్న అందరికీ చెప్పుకునేవారు.

మా నాయనమ్మకి వ్యాపారంతో పని లేదు గానీ ఆ అచ్చుతో మాత్రం పనుండేది. ఆవిడ కొలువు బొమ్మలు రెండు వందల పైచిలుకు, అన్నీ కొండపల్లి చెక్కబొమ్మలే, చాలావరకు వేలెడంతవి. దశావతారాలు, పెళ్ళి పల్లకి, దాన్ని మోసే బోయీలు, సన్నాయి మేళం, పాలు పితికే ఆమె, అంబారీ ఏనుగు, తాటిచెట్టెక్కే అతను, ఇంకా ఎవరెవరో. దసరాకి మా వీధిలో ఏడెనిమిది ఇళ్ళల్లో కొలువులు పెట్టేవారు. మా ఏనుగు వాళ్ళింటికీ వాళ్ళ రథం మా ఇంటికీ అరువు పోయేవి, పేరంటాలకి వచ్చిన పిల్లలు ఒక చేత్తో శనగలు బొక్కుతూ ఇంకో చేత్తో బొమ్మల్ని అటువి ఇటు ఇటువి అటు చేసేసేవారు, దశమి వెళ్ళిన మర్నాడు మా బోయీ మీ ఇంట్లో ఉన్నాడంటే మీ ఆవు మా ఇంట్లో ఉందని వీధిలో రభస. గిన్నెల మీద పేర్లు కొట్టించుకున్నట్టు, నాయనమ్మ తన బొమ్మల పీటల అడుగున మా మండీ అచ్చు వేయించింది.

ఆ రభస తీర్చే పెద్దమనిషిని నేనే, నవ్వకండి. చెక్క ఎవరిదైనా తెల్లపొణికే, చేతులూ కాళ్ళూ అతికేది చింతగింజల పిండి కలిపిన మక్కుతోనే, కానీ చెక్కిన ఒక్కో ఇంటికీ ఒక్కో చెయ్యి ఉంటుంది. ఒకరు కనుబొమ్మ పొడుగ్గా లాగుతారు, ఒకరు కంటి చివర తోక వదులుతారు, ఒకరి బొమ్మలకి పెదవులు ఎప్పుడూ బిగించే ఉంటాయి. పల్లకికి ముందు ఎడమ పక్క నడిచే బోయీకి బొంగు ఆనే గాడి కుడి భుజం మీద ఉండాలి. అది తెలియక వెనక బోయీని ముందు నిలబెట్టి పల్లకి ఒరిగిపోతోందని ఏడ్చే ఇళ్ళు మా వీధిలో రెండున్నాయి. గుర్తు లేని బొమ్మల్ని కూడా నేను రంగు వాసన చూసి, మక్కు గోకి చూసి, ఇది ఫలానా వాళ్ళదని చెబితే పెద్దవాళ్ళు కూడా కిక్కురుమనకుండా తీసుకుపోయేవారు. నాయనమ్మ తన బొమ్మల్ని మా అమ్మని కూడా ముట్టుకోనిచ్చేది కాదు, నన్ను మాత్రం కొలువు మెట్ల మీద వాటిని సర్దనిచ్చేది. ఆ గర్వానికి నేను నేల మీద నడిచేదాన్ని కాదు.

నేను అయిదో తరగతిలో ఉన్న ఏడాది దసరాకి తిరగలి అమ్మ కనపడలేదు. ముందుకి వంగి కూచుని, రెండు చేతులూ చాపి, చిన్న తిరగలి తిప్పుతుండే బొమ్మ అది, పీటతో కలిపి నా అరచేతిలో పట్టేది. నాయనమ్మ పదకొండేళ్ళకి కాపురానికి వస్తున్నప్పుడు వాళ్ళమ్మ ఒళ్ళో పెట్టి పంపిన బొమ్మ. ఆ తల్లి మరుసటి ఏడే పోయింది. ఫోటో అంటూ ఏమీ లేదు. అందుకని నాయనమ్మ ఆ బొమ్మని బొమ్మ అనేది కాదు, మా అమ్మ అనేది. బొమ్మల పెట్టె గుమ్మరించి గడ్డి పరక పరకా విదిలించాం, గుడ్డపేలికలు విప్పిచూశాం, అటక మీద పాత డబ్బాలన్నీ దింపాం. కిందటేడు సర్దినది నేనే కాబట్టి పోగొట్టినదీ నేనేనని తేలిపోయింది. తొమ్మిది రోజులూ పులిహోర, పూర్ణాలు, చక్రపొంగలి వండి అందరికీ పెట్టింది గానీ నాయనమ్మ మెతుకు ముట్టలేదు, పాలు తాగి పడుకుంది. నవమి నాడు నన్ను పిలిచి, కోపంగా కూడా కాదు, నీరసంగా, "ఇహ బొమ్మల జోలికి రాకమ్మా" అంది. అరిచినా బాగుండేది, నాలుగు తగిలించినా బాగుండేది. ఆ రోజు నుంచీ అన్నం సయించక, చదువు తలకెక్కక, బల్లల కిందా బావి చుట్టూ పిచ్చిదానిలా వెతుక్కుంటూ తిరిగాను.

ఇప్పుడు రోజమ్మ గురించి చెప్పాలి. మా పెరట్లో కాయలు పేర్చే ఆడవాళ్ళలో రోజమ్మది అందె వేసిన చెయ్యి. ఆమె పేర్చిన పెట్టెలో బొంబాయి దాకా ఒక్క కాయ నలిగేది కాదని నాన్నే చెప్పేవారు. వాళ్ళు క్రైస్తవులు, చర్చి వెనక పేటలో తాటాకుల ఇల్లు. భర్త లేడు, ఉన్నది ఒక్క కూతురు. ఆ కూతురు సుజాత నా క్లాసే, నా బెంచీయే, నా తొక్కుడుబిళ్ళ జోడీ. సుజాత మా ఇంటికి వస్తే పెరటి దాకానే వచ్చేది. అదేంటని నేనెప్పుడూ అడగలేదు, అడగాలని కూడా తోచలేదు, ఇప్పుడు తలుచుకుంటే సిగ్గేస్తుంది. ఆ వానాకాలం సుజాతకి టైఫాయిడ్ వచ్చి చావు తప్పి కన్ను లొట్టపోయినట్టు బయటపడింది. పిల్ల బతికితే క్రిస్మస్‌కి ఇంట్లో పశువుల పాక కట్టి మరియమాతని, బాలయేసుని పెడతానని రోజమ్మ మొక్కుకుంది. పాక కట్టడానికి గడ్డికేం కొదవ లేదు, అందులో పెట్టడానికి బొమ్మలు కావాలి కదా. దసరా వెళ్ళిన వారానికి పాత సామాన్లు కొనే తోపుడు బండి ఒకటి వచ్చింది. ఏదో పాత బంగళా అటక ఖాళీ చేయించినప్పుడు దొరికిన బొమ్మలు సంచీడు ఉన్నాయంటే, రోజమ్మ ఇత్తడి చెంబిచ్చి సంచీ మొత్తం తీసుకుంది. తీసుకొచ్చి, వేసవి చివర మా మండీలో విరిగిపోతే వంటచెరుక్కి పట్టుకెళ్ళమన్న పెట్టె చెక్కలతో తను చేసుకున్న డబ్బాలో పోసింది. కార్తీకంలో తుఫాను పట్టి నాలుగు రోజులు వాన కురిస్తే ఆ ఇంటి చూరు కారి డబ్బా తడిసింది. ఇవన్నీ నాకు తర్వాత తెలిసిన సంగతులు.

డిసెంబరు మొదట్లో ఒక శనివారం మధ్యాహ్నం సుజాత నన్ను వాళ్ళింటికి పట్టుకెళ్ళింది. రోజమ్మ చాప పరిచి డబ్బా బోర్లించింది. "పాపా, నీకు బొమ్మలు బాగా తెలుసంటగా. ఎవరెవరో నాకు అంతుపట్టట్లా. కాస్త చూసిపెట్టవా?" అంది. దసరా తర్వాత నన్ను అంత మాట అడిగినవాళ్ళు లేరు. నేను కాళ్ళు మడుచుకుని డాక్టరులా కూచున్నాను. నాలుగైదు ఇళ్ళవాళ్ళు చెక్కిన బొమ్మలు కలగాపులగం అయిపోయి ఉన్నాయి, సగం వాటికి చేతుల్లో సామాన్లు లేవు.

"ఇతను పాలవాడు. కావిడి ఊడిపోయింది" అన్నాను.

"కావిడి లేకపోతే గొర్రెల కాపరి అవుతాడా?" అని అడిగింది రోజమ్మ ఆశగా.

"చేతికి కర్రిస్తే అవుతాడు."

సుజాత చీపురుపుల్ల విరిచి కర్ర ఇచ్చేసింది. ఒక వడ్రంగి దొరికాడు, అచ్చంగా ఉలితో సహా. రోజమ్మ ఆ బొమ్మని కళ్ళకద్దుకుని, "జోజప్పగారు, మరియమ్మ పెనిమిటి" అంది. ఏనుగు పోయిన మావటి, తాళపత్రం చదువుకునే పంతులు, పగిడీ పెట్టుకున్న ముసలాయన బాలయేసుని చూడ్డానికి వచ్చిన ముగ్గురు జ్ఞానులయ్యారు. ఆవు ఒకటి, కొమ్ములు లేని మేక ఒకటి. బాలయేసుని రోజమ్మ అప్పటికే బంకమట్టితో చేసి ఎండబెట్టింది, చింతపిక్కకి కాస్త పెద్దగా. డబ్బా అడుగుకి అంటుకుపోయి, ముందుకి వంగి రెండు చేతులూ చాపిన ఆడమనిషి బొమ్మ దొరికింది. చేతుల కింద ఏమీ లేదు, మక్కు చారలు రెండు మాత్రం ఉన్నాయి. రోజమ్మ ఆ చేతుల కింద మట్టిబిడ్డని పెట్టింది, సరిగ్గా సరిపోయాడు. ఆ తల్లి బిడ్డ మీదకి వంగి దుప్పటి సర్దుతున్నట్టే ఉంది. సుజాత చప్పట్లు కొట్టింది, రోజమ్మ కళ్ళు తుడుచుకుంది. పీట కాస్త ఎగుడుదిగుడుగా ఉందని నేను బొమ్మని ఎత్తి తిరగేశాను. అడుగున నీలం మామిడికాయ.

"ఇది మాది" అన్నాను.

"అదేంటి పాపా, అన్నిటితోపాటే వచ్చింది కదా" అంది రోజమ్మ. నేను వినలేదు. దొరికింది, నేను పోగొట్టలేదు, ఎవరో తీశారు, అదొక్కటే నాకు తెలుస్తోంది. బొమ్మని గుప్పిట్లో పట్టుకుని వెనక్కి చూడకుండా ఇంటికి పరిగెత్తి నాయనమ్మ ఒళ్ళో పడేశాను. నాయనమ్మ దాన్ని చెంపకి ఆనించుకుని ఏడ్చి, నన్ను దగ్గరికి లాక్కుని ముద్దులు పెట్టుకుంది. ఎక్కడ దొరికిందే అంటే చెప్పాను. అంత సంతోషంగా నా జన్మలో ఏ మాటా చెప్పలేదు.

మర్నాడు పొద్దున్నే రోజమ్మని పెరట్లోకి పిలిపించారు. ఇంట్లో పనివాళ్ళు, గుమస్తా, పక్కింటి పిన్నిగారు, అందరూ ఉన్నారు. నేను వంటింటి గుమ్మంలో అమ్మ వెనకాల నిలబడ్డాను.

"ఏమే రోజమ్మా, ఇది నీకెక్కడిది?" అంది నాయనమ్మ.

"కొన్నానండీ అమ్మగారూ. పాత సామాన్ల బండాయనకి చెంబిచ్చి తీసుకున్నా."

"ఏ బండాయన? పేరేంటి?"

"తెలవదండీ. బాపులపాడు వైపు నుంచి వచ్చానన్నాడు."

"మరి మా గుర్తు దాని కిందకెలా వచ్చింది?"

రోజమ్మ వంగి బొమ్మ అడుగు చూసింది. "మరియతల్లి మీద ఒట్టండీ, నాకు తెలవదు" అంది.

"తిరగలేం చేశావు?"

"తిరగలా? ఏ తిరగలండీ?"

నాయనమ్మ నా వైపు తిరిగింది. "ఇలా రావే. అందరి ముందూ చెప్పు. ఇది మనదా, కాదా?"

అందరూ నన్నే చూస్తున్నారు. రోజమ్మ కూడా చూస్తోంది, ఆమె చూపులో కోపం లేదు, పిల్ల నిజమే చెబుతుందన్న నమ్మకం ఉంది. "మనదే" అన్నాను.

ఈ ఏటి నుంచి మండీ గడప తొక్కొద్దని నాయనమ్మ చెప్పేసింది. వీధిలో ఇంకో మూడు మండీలుండేవి. సాయంత్రానికల్లా అక్కడికీ చేరిపోయింది కబురు. బొమ్మ తీసినది రేపు కాయలు తీయదా, గళ్ళాపెట్టె తీయదా అని ఎవరికి తోచింది వాళ్ళు కలిపారు. సోమవారం బడికెళ్తే సుజాత నా బెంచీలో లేదు, వెనక గోడ దగ్గర కూచుంది. నేను వెళ్ళి పలకరిస్తే పలకలేదు. దొంగ కూతురితో మాట్లాడకని క్లాసులో ఎవరో అన్నారు, నేను ఊరుకున్నాను.

నాలుగైదు రోజులకి నాయనమ్మ నాకు మళ్ళీ బొమ్మలు ముట్టుకునే హక్కిచ్చింది. తిరగలి అమ్మని పెట్టెలో సర్దమంటే, గుడ్డ చుట్టే ముందు ముచ్చటగా గుర్తు చూసుకున్నాను. పక్కనే ఉన్న పాలు పితికే ఆమె గుర్తూ చూశాను. మళ్ళీ దీన్ని చూశాను. పాలామె పీట కింద కాయ ముక్కు కుడివైపుకి ఉంది, దీని కింద ఎడమవైపుకి ఉంది. బోయీలని తీశాను, ఏనుగుని తీశాను, పెట్టెంతా తిరగేశాను. అన్నీ కుడివైపే, ఇదొక్కటే ఎడమ. తొడిమ పైకి పెట్టి ఎన్నిసార్లు చూసినా ఎడమే. అప్పుడు మా క్లాసు టీచరుగారి రిజిస్టరులో అద్దుడు కాగితం గుర్తొచ్చింది. సిరా అద్దిన ఆ కాగితం మీద అక్షరాలన్నీ తిరగబడి పడేవి. రోజమ్మ డబ్బా కళ్ళకి కట్టింది: మా పెట్టె చెక్కలు, గుర్తులు లోపలి వైపుకి ఉన్నాయి, మొన్నటి తుఫాను వాన, తడిసి కరిగిన నీలం రంగు. బొమ్మ ఆమెదే. ఆ గుర్తు మేం వేసింది కాదు, మా చెక్క నుంచి అంటుకున్నది.

నాయనమ్మ దగ్గరికి పరిగెత్తాను. ఆవిడ వత్తులు చేసుకుంటోంది. చూపించి, చెప్పి, మళ్ళీ చెప్పాను. "ముక్కు అటుంటే ఏంటి, ఇటుంటే ఏంటే? అచ్చు అడ్డదిడ్డంగా పడుంటుంది" అంది. అచ్చు ఎలా వేసినా అలా పడదని, కావాలంటే వేసి చూపిస్తానని అచ్చు కూడా తెచ్చాను. "నాకు చూపానదు. మా అమ్మ నాకు తెలీదా? పో అవతలకి" అని కసురుకుంది. అమ్మకి చెబితే, "నీకు పుణ్యముంటుంది, ఆవిడ ముందు ఆ ఊసెత్తకు, ఇప్పుడే ఇల్లు కుదుటపడింది" అని నా నోటి మీద చెయ్యి పెట్టింది. నాన్నతో మండీలో చెబితే లెక్కల పుస్తకంలోంచి తల ఎత్తకుండా, "సరేలే, చూద్దాంలే" అన్నారు. మా ఇంట్లో చూద్దాంలే అంటే చూసేది లేదని అర్థం. రోజుకి ఒకరి కొంగు పట్టుకుని ఏడ్చాను. చివరికి నాకు గాలి సోకిందని నాయనమ్మ దిష్టి తీయించింది.

క్రిస్మస్ ముందు రోజు మధ్యాహ్నం బొమ్మని పరికిణీ కుచ్చెళ్ళలో దోపుకుని చర్చి వెనక్కి వెళ్ళాను. పేటంతా సున్నాలు వేసుకుని, రంగు కాగితాల నక్షత్రాలు కట్టుకుని, గులాబీ పువ్వులు వేయించే నూనె వాసనతో ఘుమఘుమలాడుతోంది. రోజమ్మ ఇంటి ముందు మాత్రం పొయ్యి వెలిగించిన జాడ లేదు. లోపల మూలన పాక కట్టి ఉంది. చీపురుపుల్ల కర్ర పట్టుకుని కాపరి ఉన్నాడు, జోజప్పగారున్నారు, ముగ్గురు జ్ఞానులున్నారు, గడ్డిలో మట్టిబిడ్డ ఉన్నాడు. తల్లి ఉండాల్సిన చోట కొవ్వొత్తి ముక్క నిలబెట్టారు. సుజాత నన్ను చూసి గోడ వైపు తిరిగిపోయింది.

రోజమ్మ లేచి నిలబడింది. "అమ్మాయిగారూ, మీ నాయనమ్మగారు పంపారా?"

ఎప్పుడూ పాపా అని పిలిచేది. "లేదు, నేనే తెచ్చా. ఇది నీదే రోజమ్మా. నాకు తెలిసింది" అని ముక్కు సంగతి, చెక్కల సంగతి, వాన సంగతి గబగబా చెప్పేశాను. ఆమె అంతా విని, డబ్బా దగ్గరికెళ్ళి, లోపలి చెక్కల మీద వేలితో రాసి చూసుకుంది. నీలం ఇంకా వేలికంటుతోంది.

"ఇది మీ ఇంట్లో చెప్పారా?"

"చెప్పా. వినట్లేదు."

బొమ్మ చాపాను. ఆమె ముట్టుకోలేదు, రెండు చేతులూ వెనక్కి పెట్టుకుంది. "మొన్న నేను దొంగని కాదండీ. ఇయ్యాల ఇది తీసుకుంటే అవుతాను. మీ పెద్దోళ్ళొచ్చి, ఇది నీదే రోజమ్మా అని నలుగురిలో ఇస్తే తీసుకుంటా. పట్టుకెళ్ళండి, ఎవరన్నా చూస్తారు" అంది. నేను అక్కడే కూలబడి ఏడ్చాను, తీసుకో రోజమ్మా అని బతిమాలాను. అప్పుడు సుజాత గోడ వైపు నుంచి తిరక్కుండానే, "నువ్వు అన్నీ కరెక్టుగా చెబుతావని మా అమ్మకి నేనే చెప్పాను" అంది. బొమ్మని మళ్ళీ కుచ్చెళ్ళలో దోపుకుని వచ్చిన దారినే వచ్చేశాను.

తోటలు పూతకొచ్చి ఊరంతా ఆ తియ్యటి వగరు వాసన కమ్ముకునే రోజుల్లో రోజమ్మ ఇంటికి తాళం పడింది. సీజనులో పని దొరకదని తెలిసి ముందే వెళ్ళిపోయింది. జి. కొండూరులో చెల్లెలుందన్నారు కొందరు, ఉంగుటూరు వైపు నాట్లకి పోయిందన్నారు కొందరు. సుజాత పేరు హాజరు పట్టీలో నెల్లాళ్ళు పిలిచి కొట్టేశారు. ఆ వేసవి మా పెట్టెల్లో కాయలు నలిగి బొంబాయి నుంచి ఫిర్యాదులొస్తే నాన్న పేర్చేవాళ్ళని తిట్టారు.

మళ్ళీ దసరా వచ్చింది. బొమ్మల పెట్టె అడుగు చెద తినేసిందని నాన్న వడ్రంగిని పిలిపించారు. బరువు ఆగడానికి ఎప్పుడో అడుగున కాస్త ఎడంగా రెండో పలక వేయించారట, పై పలక అంచు ఊడి సందు పడింది. వడ్రంగి దాన్ని ఊడదీస్తే రెండు పలకల మధ్య సందులోంచి, గడ్డి దుమ్ముతో, తిరగలితో సహా తిరగలి అమ్మ బయటపడింది. దాని అడుగున గుర్తులో కాయ ముక్కు కుడివైపుకే ఉంది. చంకలో పిల్లని పెట్టుకుని ఊరంతా వెతికినట్టయింది మా పని, ఆ వెతుకులాటలో ఒక మనిషి నాశనమైపోయింది. నాయనమ్మ రెండు బొమ్మల్నీ రెండు అరచేతుల్లో పెట్టుకుని కూచుంది. ఇప్పుడన్నా చెబుతారు, బండి కట్టించుకుని వెళ్ళి రోజమ్మని వెతికి తీసుకొస్తారు, నలుగురిలో ఇస్తారు అని నేను ఎదురుచూస్తూ నిలబడ్డాను. ఆవిడ నాన్న వైపు చూసింది.

"అయిందేదో అయిపోయింది. ఇప్పుడు నలుగురికీ చెప్పుకుని పరువు తీసుకోమంటావా అమ్మా?" అన్నారు నాన్న.

నాయనమ్మ లేచి, రెండు బొమ్మల్నీ కొలువులో ఒకే మెట్టు మీద పక్కపక్కన పెట్టింది. ఆ రాత్రి అన్నం తినలేదు, ఆ తర్వాత కూడా చాలా రోజులు పాల మీదే ఉంది, పోయేదాకా రోజమ్మ పేరెత్తలేదు. తేలు కుట్టిన దొంగల్లా ఇంటిల్లిపాదీ ఊరుకున్నాం. నాకు పదకొండేళ్ళు, కాళ్ళున్నాయి, నోరుంది, వీధిలోకి వెళ్ళి అరవగలను. అరవలేదు. చిన్నపిల్లనని ఆ ఏటికి సరిపెట్టుకున్నా, పద్దెనిమిదేళ్ళప్పుడు ఏమైంది, పాతికేళ్ళప్పుడు ఏమైంది అని నన్ను నేను అడుగుతూనే ఉంటాను. పెళ్ళయి పిల్ల పుట్టాక జి. కొండూరు వెళ్ళాను, ఉంగుటూరు వెళ్ళాను, చర్చిలో పెద్దవాళ్ళని అడిగాను. రోజమ్మలు చాలామందే ఉన్నారమ్మా, ఏ రోజమ్మ అన్నారు. ఇంటిపేరు నాకు తెలియదు. అన్నేళ్ళు మా పెరట్లో కూచుని పని చేసిన మనిషి ఇంటిపేరు మా ఇంట్లో ఎవరికీ తెలియదు.

ఇప్పుడు ఆ మండీ లేదు, అక్కడ ఫోన్లు అమ్మే షాపులున్నాయి. కాయలు ప్లాస్టిక్ ట్రేలలో వెళుతున్నాయి, గుర్తు కంప్యూటరులో అచ్చేసిన స్టిక్కరు. చెక్క అచ్చు ఎప్పుడు పొయ్యిలోకి పోయిందో తెలియదు. చర్చి వెనక తాటాకుల ఇళ్ళు పోయి డాబాలు లేచాయి, ఆ ఇల్లు ఏ చోటో కూడా నాకు ఆనవాలు దొరకదు. వీధిలో కొలువు పెట్టేది మా తమ్ముడి ఇల్లొక్కటే. మా మరదలు శ్రద్ధ గల పిల్ల, బొమ్మలకి అద్దాల బీరువా చేయించింది, దసరాకి నన్ను తప్పకుండా పిలుస్తుంది.

పోయిన దసరాకి పేరంటానికి ఊరికి కొత్తగా వచ్చిన లెక్చరరు ఒకావిడ వచ్చింది. బొమ్మలన్నీ ఓపిగ్గా చూసి, ఆ మెట్టు దగ్గర ఆగింది. "ఈవిడ తిరగలి విసురుతోంది సరే, ఈ రెండో ఆవిడేం చేస్తోందండీ, ఖాళీగా చేతులు చాపుకుని?" అని అడిగింది.

"ఆవిడ తిరగలి ఎక్కడో పడిపోయిందండీ. జంట బొమ్మలు. రెండూ మా నాయనమ్మగారి పుట్టింటివి" అని మరదలు నవ్వుతూ చెప్పి, "కదా వదినా?" అని నా వైపు తిరిగింది.

అందరూ నన్నే చూశారు.

"అవును" అన్నాను. "రెండూ మావే."